గాలిలో ఇంటిదారి

కొండాపూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఈ వారం మా బల్లమీద ఉంది. పేరు వేయవద్దన్నారు గనక వేయడం లేదు. ఉత్తరంలోని ముఖ్యభాగం మాత్రం ఇది:

"మా అబ్బాయి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి అరచెయ్యంత పలక ఒకటి కొనుక్కువచ్చేడు. అదీ కంప్యూటరేనట. ఆదివారం వచ్చిందంటే తిండీ నిద్రా లేకుండా దాని ముందే కూర్చుంటాడు. గ్లైడరు విమానాలకు దారి చూపించే సాఫ్ట్‌వేరు అందులో నడుపుతున్నాడట. ఇంట్లో ఆడుకున్నన్నాళ్ళూ నేనేమీ అనలేదు. ఇప్పుడు సెలవు పెట్టి, నిజంగానే గ్లైడరు నడపడం నేర్చుకుంటానంటున్నాడు. ఇంజను లేని విమానం ఎక్కుతావుట్రా అంటే, 'ఈ పలక ఉందిగా అమ్మా! ఎక్కడున్నానో, ఇంటికి చేరతానో లేదో అదే చెబుతుంది' అంటాడు. వాళ్ళ నాన్నగారు, మోటారుసైకిలు కంటె నయమేలే అని నవ్వేస్తారు. మీరు చెప్పండి. ఆ పలకను నమ్మి పిల్లవాణ్ణి పంపవచ్చునా?"

అమ్మా, మీ అబ్బాయి చేస్తున్నది పనికిమాలిన పని కాదు. ఆ పలకా అబద్ధాలకోరు కాదు. కాని "పలక ఉందిగా" అన్నాడు చూశారూ, ఆ మాట దగ్గరే మనం కాస్సేపు కూర్చోవాలి.

ముందు గ్లైడరంటే యేమిటో ఇంటిల్లిపాదికీ తెలియాలి. పొడుగాటి రెక్కలు, సన్నటి ఒళ్ళు, ఒకరో ఇద్దరో కూర్చునే చోటు, అంతే. నేలమీది యంత్రంతో మోకు లాగిగాని, మరో విమానం వెనక కట్టిగాని పైకి చేరుస్తారు. అక్కడ మోకు వదిలేస్తారు. వదిలిన క్షణం నుంచీ అది ముందుకు పోతూ పోతూ నెమ్మదిగా కిందికి జారుతూనే ఉంటుంది. మరి గంటల తరబడి గాలిలో ఎలా ఉంటుందంటారా? గద్ద ఎలా ఉంటుందో అలాగే.

ఎండ ముదిరే రోజుల్లో, పొద్దు బాగా పైకి వచ్చిన వేళ దుర్గం చెరువు దగ్గర నిలబడి ఒకసారి తలెత్తి చూడండి. గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ మేడల ఎత్తు దాటి పోతుంటాయి. 1998లో సైబర్ టవర్సు తెరిచేనాటికి ఆ చుట్టుపక్కల ఉన్నవాటిలో ఎక్కువ భాగం బండలే. 250 కోట్ల ఏళ్ళనాటి నల్లసేనపు బండలు. కొన్ని పోయి మేడలు వచ్చేయిగాని, కాగే గుణం మాత్రం తగ్గలేదు. బండలూ, సిమెంటు మైదానాలూ ఎండకు కాగుతాయి. చెరువు నీళ్ళు అంతగా కాగవు. కాగిన చోట గాలి తేలికపడి పైకి లేస్తుంది. ఆ లేచే గాలిని థర్మల్ అంటారు. గద్ద దాంట్లో దూరి, బయటికి జారిపోకుండా చుట్లు తిరుగుతుంది. అది గాలిలో కిందికే జారుతోంది. కాని గాలి అంతకంటె వేగంగా పైకి పోతోంది. లాభం గద్దది.

ఈ సంగతి శ్రద్ధగా గమనించినవాళ్ళలో ఒకడు మనదేశంలోనే ఉండేవాడు. ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడుగా పనిచేసిన హాంకిన్ అనే ఇంగ్లీషాయన. గద్దలూ రాబందులూ పొద్దున్నే ఏ వేళకు రెక్క చాచి తేలడం మొదలుపెడతాయో గడియారం పట్టుకు రాసుకుని, 1913 ప్రాంతాల దానిమీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. మన వాతావరణ శాఖకు అధిపతిగా ఉండి ఋతుపవనాల లెక్కలు కట్టిన గిల్బర్ట్ వాకర్‌కూ ఇదే పిచ్చి. పెద్ద ఉద్యోగం చేస్తూ ఆకాశంలో పక్షులను చూస్తూ నిలబడడం కొత్తగా హైటెక్ సిటీ కుర్రవాళ్ళతోనే మొదలు కాలేదన్నమాట.

గ్లైడరు పైలటుకు ఎత్తే జీతం. థర్మల్‌లో తిరిగినంతసేపూ సంపాదన. అది వదిలి మరోచోటికి పోతున్నంతసేపూ ఖర్చు. ఒకటో తారీఖు జీతం తప్పకుండా వస్తుందని తెలిసినవాడు కాస్త చెయ్యి జారవిడుస్తాడు. వస్తుందో రాదో తెలియనివాడు చూసి చూసి ఖర్చుపెడతాడు. గ్లైడరులోనూ అంతే. ముందున్న థర్మల్ బలమైనదని నమ్మకముంటే ముక్కు వంచి వేగంగా పోవచ్చు. ఎత్తు ఎక్కువ ఖర్చవుతుంది, అయినా అక్కడ మళ్ళీ సంపాదించుకోవచ్చు. బలహీనమైనదైతే నిదానంగా పోవాలి.

ఎంత నమ్మకానికి ఎంత వేగం అన్న ఈ లెక్కను పైలట్ల చేతికి అందేలా చేసినవాడు పాల్ మక్రెడీ అనే అమెరికను. గ్లైడరు ఎక్కుతోందో దిగుతోందో చెప్పే సాధనాన్ని వేరియోమీటరంటారు. దాని ముఖం చుట్టూ అంకెలున్న వలయాన్ని ఒకదాన్ని బిగించి, దాన్ని తిప్పుకుంటే ఏ వేగంతో పోవాలో ముల్లే చూపించేటట్టు ఏర్పాటు చేశాడు. 1956లో గ్లైడింగులో ప్రపంచ ఛాంపియనూ అయ్యాడు. తరవాత కథ ఇంకా బాగుంటుంది. దగ్గరవాళ్ళ వ్యాపారానికి హామీ సంతకం పెట్టి పెద్ద అప్పులో ఇరుక్కున్నాడు. ఇలాటివి మన ఇళ్ళలోనే అనుకుంటాం! 1976లో పెళ్ళాం పిల్లలతో కారులో షికారు పోతూ, దారిలో తేలే పక్షులు ఒక చుట్టుకు ఎంతసేపు తీసుకుంటున్నాయో లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాడట. ఆ లెక్కల్లోంచే, మనిషి కాళ్ళతో తొక్కి ఎగిరే విమానం ఆలోచన మొలిచింది. దానికి యాభై వేల పౌన్ల బహుమానం ఎన్నో ఏళ్ళుగా ఎవరికీ అందకుండా ఉంది. 1977 ఆగస్టులో ఆయన విమానం దాన్ని గెలుచుకుంది.

ఇక మీ అబ్బాయి పలకలోకి వద్దాం. అందులో నడిచే సాఫ్ట్‌వేరు బహుశా ఎక్స్‌సీసోర్ అయి ఉంటుంది. గ్లైడరువాళ్ళలో దానికి మంచి పేరుంది. మొదట ఇంగ్లండులో ఒకరు అమ్మకానికి తయారుచేసిన సరుకది. 2000ల నడుమలో దాన్ని ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు అని లోకానికి వదిలిపెట్టారు. ఆనాటినుంచీ దేశదేశాల ఔత్సాహికులు జీతం లేకుండా దాన్ని పెంచుతున్నారు. మక్రెడీ వలయం చేసే లెక్క దాని కడుపులో ఉంది. దానికి తోడు నేల పటం కూడా ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష నౌక 11 రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడారుతో ఎత్తుపల్లాలు కొలిచింది. ఆ కొలతల పుణ్యమే ఆ పటం. మన అనంతగిరి కొండలు కూడా అందులో కనిపిస్తాయి.

పలక సంగతి: రాస్ప్‌బెరీ పై అని పేరు. బడిపిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని కేంబ్రిడ్జివాళ్ళు 35 డాలర్లకు 2012లో అమ్మకానికి పెట్టేరు. పేకముక్కంత ఉంటుంది, యాభై గ్రాముల లోపు తూగుతుంది. దానికి ఉపగ్రహాల సంకేతాలు అందుకునే జి.పి.ఎస్. బిళ్ళ, గాలి ఒత్తిడి కొలిచే చిన్న బిళ్ళ, ఒక తెర తగిలిస్తే చాలు. ఇంతకు ముందు వేలకు వేలు పోసి కొనుక్కోవలసిన పనిముట్టు బల్లమీద తయారవుతుంది. తమాషా యేమిటంటే, ఇదే సాఫ్ట్‌వేరు కోబో అనే నవలలు చదువుకునే పలకమీద కూడా నడుస్తుంది. ఎండలో దాని తెర చక్కగా కనబడుతుంది గనక కొందరు దాన్నే ఒళ్ళో పెట్టుకు ఎగురుతారు. సీరియల్ చదువుకునే పలక ఇంటిదారి చూపించడం మన పాఠకులకు నచ్చవలసిన సంగతే!

మీ ఉత్తరం వచ్చేక, ఇదే పిచ్చి ఉన్న మరో కుర్రవాడి ఇంటికి వెళ్ళి కళ్ళారా చూశాం. మా మిత్రుల అబ్బాయి. వాళ్ళదీ గచ్చిబౌలివైపు ఒక పెద్ద మేడలో పధ్నాలుగో అంతస్తు. కింద లిఫ్టు దగ్గరే ఎదురొచ్చేడు, చేతిలో పలక, జేబులో బ్యాటరీ.

"బాబాయిగారూ, ముందిది వినండి" అన్నాడు.

లిఫ్టు కదిలిందో లేదో, పలకకు తగిలించిన చిన్న స్పీకరు కుయ్ కుయ్ మని కూతలు మొదలుపెట్టింది. వేగం అందుకున్నకొద్దీ కూత సన్నబడింది. పైన ఆగగానే నోరు మూసింది. ఒత్తిడి బిళ్ళ పనితనమది. మన ఊరి ఎత్తులో తొమ్మిది మీటర్లు ఎక్కితే గాలి ఒత్తిడి వెయ్యిలో ఒక వంతు కంటె కాస్త ఎక్కువగా తగ్గుతుంది, అంతే. ఆ బిళ్ళ ఒక జానెడు ఎక్కినా పసికడుతుంది. థర్మల్‌లో దూరిన పైలటు ఈ కూత వింటూ చుట్లు తిరుగుతాడు. తెర చూడనక్కరలేదు. కళ్ళు బయటే ఉండవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంట్లో అతగాని కంప్యూటరులో కాండర్ అనే ఆట ఉంది. గ్లైడరు నడిపినట్టే ఉంటుంది. ఆ ఆట తను ఎక్కడున్నదీ, ఎంత ఎత్తున ఉన్నదీ ఒక తీగ గుండా పలకకు చెబుతుంది. నిజం జి.పి.ఎస్. బిళ్ళ మాట్లాడే భాషలోనే మాట్లాడుతుంది గనక, తను నిజంగా ఎగరడం లేదని పలకకు తెలియదు, పాపం. ఆట లేకపోయినా ఫరవాలేదు. ఎక్స్‌సీసోర్ లేవగానే ఎగురుతావా, ఉత్తుత్తిగానా అని అదే అడుగుతుంది. ఉత్తుత్తి అన్నామంటే పటం మీద మనకు కావలసిన చోట నిలబెడుతుంది.

మమ్మల్ని మాదాపూరు మీద, నేలకు 1000 మీటర్ల ఎత్తున నిలబెట్టేడు. (నిజంగా అయితే అక్కడ ఎగరనివ్వరు. శంషాబాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్లు, ఇన్ని విమానాశ్రయాల నడుమ ఉన్న ఊరు మనది. ఎక్స్‌సీసోర్‌లో అలాటి హద్దులు కూడా వేసుకోవచ్చు. దగ్గరికి పోతే హెచ్చరిస్తుంది.) ఎక్కడికి పోదామని అడిగేడు. సంగారెడ్డి అన్నాం. అక్కడికి గాలిదారిన 36, 37 కిలోమీటర్లు.

తెర ఎడమవైపు ఒక పట్టీ ఉంది. ఆకుపచ్చగా ఉంటే చేరతావని, ఎర్రగా ఉంటే చేరవని అర్థం. నిక్షేపంగా ఆకుపచ్చగా ఉంది.

"చూశారా, సంగారెడ్డి వెళ్ళిపోవచ్చు" అన్నాడు. తరవాత నవ్వేడు. "ఇప్పుడు అసలు సంగతి చూపిస్తాను."

అక్కడినుంచీ అతగాడు చూపించినదే మీ ప్రశ్నకు జవాబు. కాస్త అంకెలున్నాయి, ఓపిక పట్టి చదవండి.

పలకకు మొదట తను చెప్పిన గ్లైడరు కొత్తరకం, ఫైబరు ఒళ్ళుది. మీటరు దిగేలోగా 40 మీటర్లు ముందుకు పోతుంది. వెయ్యి మీటర్ల ఎత్తు చేతిలో ఉంది గనక 40 కిలోమీటర్లు. సంగారెడ్డి అందులోనే ఉంది. కాని 40 కిలోమీటర్ల చివర ఎత్తు సున్నా. సున్నా ఎత్తులో ఊరికి చేరిన పైలటు చుట్టూ తిరిగి గాలికి ఎదురుగా దిగలేడు, తీగలూ చెట్లూ తప్పుకోలేడు. అందుకని చేరేటప్పటికి కనీసం 300 మీటర్లు మిగలాలని పలకకు చెప్పాలి. చెప్పేడు. మిగిలిన 700 మీటర్లకు 28 కిలోమీటర్లు. పట్టీ ఎర్రబడింది.

ఆపైన గాలి. ఆషాఢమాసంలో మన ఊళ్ళో పడమటిగాలి ఎలా కొడుతుందో మీకు చెప్పనక్కరలేదు, మేడమీద ఆరేసిన బట్టలు చెబుతాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే గ్లైడరుకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేలమీద సాగేది 80 మాత్రమే. 28 కాస్తా 22 అయింది.

ఆ తరవాత మెనూలో ఒక చిన్న అంకె మార్చేడు. గ్లైడరు పేరు మార్చేడు, అంతే. కొత్తవాళ్ళకు నేర్పే పాతరకం గ్లైడర్లు మీటరుకు 28 మీటర్లు పోతే గొప్ప, వేగమూ తక్కువే. అదే ఎత్తు, అదే గాలి. లెక్క పదిహేను కిలోమీటర్ల లోపుకు వచ్చింది. పటాన్‌చెరు చేరడం కూడా అనుమానమే.

"బాబాయిగారూ, పలక ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు" అన్నాడు. "నేను ఏ గ్లైడరులో కూర్చున్నానో దానికి తెలియదు. నేను చెప్పిందే దానికి తెలుసు."

సంగారెడ్డి అనుకున్నవాడు పటాన్‌చెరు ఇవతల పత్తిచేలో దిగుతాడు. మధ్యలో మారినవి యేమిటి? మూడు అంకెలు. వాటిలో రెండు పైలటు చేత్తో పెట్టవలసినవి. గాలి ఒక్కటే, చుట్లు తిరిగేటప్పుడు గ్లైడరు ఎటు కొట్టుకుపోతోందో చూసి పలక తనే ఊహించుకోగలుగుతుంది. అదీ కాస్సేపటి కిందటి గాలే. ముందున్న గాలి ఎవరికి తెలుసు? ఇంకొకటి కూడా ఉంది మెనూలో. దాని పేరు పురుగులు. సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు పురుగంటే ప్రోగ్రాములో తప్పు. ఇక్కడ మాత్రం నిజం పురుగే! రెక్క అంచుకు దోమలూ ఈగలూ అతుక్కుంటే గ్లైడరు సాగడం తగ్గుతుంది. ఎంత తగ్గిందో పైలటే అంచనా కట్టి చెప్పాలి.

మేము ఈ గొడవలో ఉండగా వాళ్ళమ్మ కాఫీ తెచ్చింది. ఆవిడదీ మీ అనుమానమే.

"అన్నయ్యగారూ, ఇవన్నీ సరేనండీ. ఆ పలక మధ్యలో ఆగిపోతే?"

కుర్రవాడు జవాబు చెప్పేలోగానే ఆవిడ ప్లగ్గు లాగేసింది. తెర నల్లబడింది. ఆటలో గ్లైడరు మాత్రం పోతూనే ఉంది.

ఇది హాస్యంగా చేసిన పనేగాని, నిజంగా జరిగేదే. ఈ పలకలకు 5 వోల్టులు కావాలి, గ్లైడరులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. మధ్యలో దించే బిళ్ళ ఒకటి. దాని వైరు వదులైతే అంతే సంగతులు. హఠాత్తుగా కరెంటు పోతే పలక బుద్ధంతా దాచుకున్న ఎస్.డి. కార్డు చెడిపోయే అవకాశమూ ఉంది. గాజుమూత కింద, మన వేసవి ఎండలో చిప్పు 80 డిగ్రీలు దాటితే పలక తనంతట తనే నెమ్మదిస్తుంది. ఇంట్లో వాడే తెర ఎండలో అద్దంలా మెరిసి మన మొహమే మనకు చూపిస్తుంది. వీటన్నిటికీ విరుగుళ్ళు ఉన్నాయి, కుర్రవాళ్ళు చేసుకుంటారు కూడా. ఓపెన్‌వేరియో అని ఇలాటి చిన్న పలకతోనే గట్టిగా కట్టిన పనిముట్టు ఒకటి ఉంది, ఎలా కట్టాలో అందరికీ చెబుతారు. అయినా ఆగిపోయే రోజు ఒకటి వస్తుంది.

ఆ కుర్రవాడు యేం చేశాడంటారా? ఆటలోని ఎత్తుమీటరు చూశాడు. దానికి ప్లగ్గు లేదు. నిజం గ్లైడరులో కూడా ఎత్తుమీటరూ, వేగమీటరూ గాలి ఒత్తిడితో నడిచేవి, దిక్సూచి ఉంటుంది. వీటికి బ్యాటరీతో పని లేదు. తరవాత నేల చూశాడు. ఎక్కడ విశాలమైన చేను ఉంది, పైరు ఎంత ఎత్తుంది, కరెంటు తీగలు ఎటు పోతున్నాయి, పొగ ఎటు వాలుతోంది. 300 మీటర్లకు దిగేసరికి చేను నిర్ణయం అయిపోవాలి, ఆపైన వెతకడం ఉండదు, దిగడమే. దిగేడు. గట్టుకు కొట్టుకుని రెక్క విరిగింది, అది వేరే సంగతి.

"ఇంకోసారి లాగమ్మా" అన్నాడు. ఆవిడ ఇంకోసారి లాగింది. ఈసారి శుభ్రంగా దిగేడు.

ఇక్కడే కళ్ళు బయట ఉండాలన్న మాట మళ్ళీ వస్తోంది. ఒకే థర్మల్‌లో నాలుగైదు గ్లైడర్లు తిరుగుతుంటే, తెర చూస్తూ కూర్చున్నవాడు పక్కవాడికి గుద్దుకుంటాడు. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. దీనికోసమే 2004లో స్విట్జర్లండులో ఫ్లార్మ్ అనే హెచ్చరిక యంత్రాన్ని పుట్టించేరు. ఒక గ్లైడరు ఎటు పోతోందో మరోదానికి అది చెబుతుంది. దాన్నీ ఈ సాఫ్ట్‌వేరు చూపించగలదు. అయినా మా దృష్టిలో ఈ పలక చేసే పెద్ద మేలు, లెక్కల భారం తను మోసి పైలటు కళ్ళను వదిలిపెట్టడమే. వదిలిన కళ్ళను మళ్ళీ తెరకే అతికించేస్తే పెట్టిన ఖర్చంతా దండుగ.

మీ కంగారు కాస్త తగ్గించే సంగతి కూడా చెప్పాలి. నేర్చుకునేవాడి మొదటి ఎగరడాలు ఎంతసేపనుకున్నారు? మోకుతో మూడు నాలుగు వందల మీటర్లకు లాగుతారు. థర్మల్ దొరక్కపోతే ఐదారు నిమిషాల్లో లేచిన మైదానంలోనే దిగుతారు. పక్కన గురువు ఉంటాడు. మైదానం కళ్ళెదుటే ఉంటుంది. దారి తప్పడానికి దారే లేదు! కనక మొదట్లో మీ అబ్బాయి పలకకు పనేమీ ఉండదు. ఇంటినుంచి దూరంగా పోవడం అనేది ఎన్నో ఎగరడాల తరవాతి మాట. తీసుకువెళ్ళినా గురువు దాన్ని సంచిలోనే పెట్టమంటే మీరు సంతోషించండి.

మనదేశానికి గ్లైడరు కొత్తది కాదు. పుణే దగ్గర హడప్సర్‌లో 1950లోనే ప్రభుత్వం గ్లైడింగు కేంద్రం పెట్టింది. మనవాళ్ళే తయారుచేసిన గ్లైడర్లలో ఎన్నదగినది రోహిణి. పౌర విమానయాన శాఖలో పనిచేసిన రామామృతంగారు రూపొందించేరు, 1961 మే నెలలో మొదటిసారి ఎగిరింది. చెక్కతో చేసినది, గురుశిష్యులు పక్కపక్కనే కూర్చునేది. వందకు పైగా తయారయ్యాయి. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన కుర్రవాళ్ళు చాలామంది ఆకాశం మొదట చూసింది దాంట్లోంచే. మీ వీధిలో నెరిసిన జుట్టు ఉన్న పెద్దమనిషి ఎవరైనా కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. ఎయిర్ వింగులో ఉన్నానంటే ఒకసారి అడిగి చూడండి. తెరా లేదు, పలకా లేదు. మూడు మీటర్లూ, గురువుగారి కేకలూను.

దేశదేశాల బ్యాంకులకూ విమాన కంపెనీలకూ ప్రోగ్రాములు రాసి పంపే ఊళ్ళో ఉంటూ, తన పలకను తనే కట్టుకుని, ఊరికే రాసిపెట్టినవాళ్ళ సాఫ్ట్‌వేరు విప్పి చూసుకునే కుర్రవాడిమీద మాకు గౌరవమే కలిగింది. ఆఫీసులో తను రాసినదాంట్లో తప్పుంటే ఇంకెవరో ఎక్కడో విసుక్కుంటారు. ఇందులో తప్పుంటే తనే చేలో దిగాలి. అందుకే కాబోలు అంత శ్రద్ధ. ఆ సాఫ్ట్‌వేరు రాసినవాళ్ళు కూడా దాచలేదు. దేనికీ హామీ లేదు, బాధ్యత పైలటుదే అని ముందే చెప్పి పెట్టేరు. అదృష్టవశాత్తూ అది చదవని తల్లులు లేరు, చదివే కొడుకులే తక్కువ.

కనక అమ్మా, మీరు పంపవచ్చును. పలకను నమ్మి కాదు, గురువును చూసి. ఏ కేంద్రంలో చేరుతున్నాడు, నేర్పేవారికి లైసెన్సు ఉన్నదా, గ్లైడరుకు ఎగరడానికి తగినదన్న ధ్రువపత్రం ఇప్పటిదేనా, డాక్టరు పరీక్ష అయిందా, ఈ నాలుగూ మీరే అడగండి. అడిగితే చిన్నబోయే కేంద్రమైతే వద్దనండి. బయల్దేరేలోగా ఆదివారాలు ఎన్ని ఉన్నాయో అన్ని ఆదివారాలూ, అతను ఆటలో బాగా దూరం పోయినప్పుడు చూసి చెప్పకుండా ప్లగ్గు లాగండి. పలక లేకుండా ఎంతదూరం పోగలడో నోటితో చెప్పించండి, తరవాత వెలిగించి సరిచూడండి. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా వచ్చేదాకా సెలవు చీటీ రాయవద్దనండి.

కోఠీలో ఇంకా యేమి కొనాలని లిస్టు రాసుకున్నాడో, ఆ ఖర్చు సంగతి మాత్రం మీరూ మీ వారూ తేల్చుకోవలసిందే. అందులో మేము తలదూర్చం.